గవ్వలాట: ఇంటికొక పద్ధతి



మన తెలుగుదేశమున గవ్వలాట యెరుగని యిల్లాలు అరుదు. మధ్యాహ్న భోజనము లైన పిమ్మట, గిన్నెలు కడిగి బోర్లించి, మగవారు పనులమీద వెడలిపోయిన తరువాత, నేలపై సుద్దతో 25 గడులు గీచి, నాలుగు గవ్వలో, నాలుగు చింతగింజల బద్దలో చేతబట్టి కూర్చుండు ఆ గడియయే మనలో ననేకులకు దినమంతటిలో తమదని చెప్పుకొనదగిన కాలము. అయినను ఈ యాటను గూర్చి వ్రాసినవారు తక్కువ. చదరంగమునకు గ్రంథములు గలవు. అష్టాచెమ్మకు మాత్రము అత్తగారి నోటిమాటయే శాస్త్రము. అత్తగారు మారినచో శాస్త్రమును మారును. ఇట్టి మార్పులను గూర్చియు, వానివలన మా యింట పుట్టిన యొక వివాదమును గూర్చియు మీకు మనవి చేయదలచితిని.

నా పుట్టినిల్లు నిర్మల్ ప్రాంతము. మెట్టినిల్లు కొండగట్టు ఆంజనేయస్వామి గుట్టకు రెండుకోసుల దూరమున నున్న పల్లె. గోదావరికి ఆవలి యొడ్డున పుట్టి ఈవలి యొడ్డున మెట్టితిని. భాషలో గాని, వంటలో గాని నాకంత భేదము కనబడలేదు. గవ్వలు చేతబట్టినప్పుడే తెలిసినది, నేను పరాయి యింటికి వచ్చితినని.

మొదట అందరికిని సమానమైన భాగమును చెప్పెదను. అడ్డముగా అయిదు, నిలువుగా అయిదు గడులు. నాలుగు ప్రక్కల నడిమి గడులకును, నట్టనడిమి గడికిని అడ్డగీతల గుర్తు వేయుదురు. గుర్తుగల గడిలో నున్న కాయను ఎవ్వరును చంపరాదు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. పగిలిన గాజుముక్కలైనను, గింజలైనను, పుల్లలైనను సరియే. కాయ తన యింటినుండి బయలుదేరి వెలుపలి వరుసలోని 16 గడులను ఒక దిక్కుగా చుట్టి, లోపలి వరుసలోని 8 గడులను దానికి ఎదురుదిక్కుగా చుట్టి, నడిమి యింట చేరవలెను. లెక్కించి చూచిన సరిగా 24 అడుగులు. అక్కడ చేరిన కాయను మనము 'పండినది' అందుము. కాయ పండగుట యనుమాట ఎంత ముద్దైనదో చూడుడు! పడమటిదేశములవారి యాటలలో కాయ ఇల్లు చేరును. మన యాటలో అది పండును.

గవ్వలు నాలుగును వెల్లకిల పడినచో చెమ్మ, అనగా నాలుగు. నాలుగును బోర్ల పడినచో అష్ట, అనగా ఎనిమిది. తక్కినవానికి వెల్లకిల పడిన గవ్వలెన్నో అన్ని అడుగులు. చెమ్మకును అష్టకును మరల వేయు హక్కు గలదు. గవ్వ యిరుప్రక్కలకును సమముగా పడునదే యనుకొన్నచో, నాలుగు గవ్వలు పడు విధములు 16. అందు రెండు పడుటకు 6 విధములు, ఒకటికి 4, మూడింటికి 4, చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. సగటున ఒక వేతకు రెండున్నర అడుగులు. గవ్వ వీపు గుండ్రము గనుక నిజమునకు ఈ లెక్క కొంచెము తప్పును. ఏ గవ్వ యెట్లు పడునో కొన్ని యేండ్లు ఆడిన చేతికే తెలియును. చింతగింజను రాతిపై అరగదీసి బద్దలు చేసికొన్నచో తెల్లని ప్రక్కయు నల్లని ప్రక్కయు స్పష్టముగా కానవచ్చును.

ఇక భేదములు. మా పుట్టినింట చెమ్మగాని అష్టగాని పడిననే కాయ బయలుదేరవలెను. పై లెక్క ప్రకారము ఎనిమిది వేతలకొక మారు కలుగు భాగ్యమిది. కాబట్టి ఒక్కొక్కప్పుడు ఎదుటివారి కాయలు సగము దారి నడచినను మనము ఖాళీ చేతులతో కూర్చుండవలసివచ్చును. మా అత్తవారింట అట్లు గాదు. కాయలన్నియు మొదటనే యింట నిలుచును. ఏది పడినను కదలవచ్చును. కొందరి యిండ్లలో ఒకటి పడినను బయలుదేరనిత్తురు. వరుసగా మూడుమార్లు చెమ్మయో అష్టయో పడినచో ఆ మూడును చెల్లవనుట కొన్ని యిండ్ల కట్టుబాటు. ఒకే గడిలో ఒకరివే రెండు కాయలు జంటగా నున్నచో ఒంటికాయ వానిని చంపరాదనుట మరికొన్ని యిండ్లది. అయిదుగడులకు బదులు ఏడుగడుల పటము గీచి, గవ్వలను కాయలను పెంచి ఆడువారును గలరు.

వీనియన్నిటికంటె పెద్ద భేదము మరియొకటి గలదు. ఎదుటివారి కాయ నొకదానినైన చంపక లోపలి వరుసలో ప్రవేశింపవచ్చునా, కూడదా? కూడదనువారి యింట చంపని వాని కాయ వెలుపలి వరుసనే మరల మరల చుట్టుచుండును. ఈ యొక్క నియమమువలన ఆట స్వభావమే మారిపోవును. చంపనవసరము లేనిచోట నెమ్మదిగలది గెలుచును. చంపక తీరనిచోట పొంచియుండునది గెలుచును.

మా అత్తగారిది మొదటి పద్ధతి. మా తోడికోడలు ధర్మపురి ప్రాంతపు పిల్ల. ఆమె రెండవ పద్ధతిని తెచ్చినది. వివాదమంతయు ఇక్కడనే పుట్టినది. అయితే అది పుట్టినది ఆమె కాపురమునకు వచ్చిననాడు గాదు, తొమ్మిది సంవత్సరములు గడచిన పిమ్మట.

కరీంనగరము, జగిత్యాల, నిర్మల్ ప్రాంతముల పల్లెలలో గల్ఫుదేశములకు మగవారిని పంపని వాడకట్టు లేదనవచ్చును. మా మరిది 2007లో కువైట్ వెళ్లినాడు. రెండెకరముల భూమి కుదువపెట్టి, వడ్డీకి అప్పు తెచ్చి, ఒక దళారికి చెల్లించి ప్రయాణమైనాడు. ఈ సంగతి మా తోడికోడలికి ప్రయాణమునకు ముందునాటి రాత్రి తెలిసినది. అప్పటికామె కడుపుతో నున్నది. తొమ్మిదేండ్లలో అతడు వచ్చినది రెండుమార్లు, అదియు ఒక్కొక్క మాసపు సెలవుపై. అప్పు తీర్చుట, భూమి విడిపించుట, బిడ్డను బడిలో చేర్చుట, మామగారి రోగమున వైద్యము చేయించుట, అంతయు ఆ పిల్లయే చక్కబెట్టినది. మధ్యాహ్నములందు అత్తగారిని ఊరార్చుటకు ఆమెతో అష్టాచెమ్మ ఆడెడిది. కొడుకు ఫోను రాని దినములలో ఆ ముసలమ్మకు గవ్వల చప్పుడే ఓదార్పు. ఆడగా ఆడగా చంపక లోనికి పోరాదను నియమము మా యింట స్థిరపడినది. అత్తగారే దాని నొప్పుకొన్నది. మనుమరాలు ఆ పద్ధతిలోనే పెరిగినది.

2016 చివర మా మరిది తిరిగి వచ్చినాడు. ఆ యేడు అక్టోబరులోనే క్రొత్త జిల్లాలేర్పడినవి. "కరీంనగరం జిల్లా వదలిపెట్టి పోతిని, జగిత్యాల జిల్లాకు వస్తిని, వదినా" యని నవ్వినాడు. పెట్టెలో అందరికిని బట్టలు, సబ్బులు, అత్తరుతోబాటు ఒక మడత కొయ్యపెట్టెను గూడ తెచ్చినాడు. తెరచి చూడగా లోపల ఇరుప్రక్కల కోణములవంటి గుర్తులు, బిళ్లలు, రెండు పాచికలు. అరబ్బులు దీనిని తావ్లా యందురట. అతనితో కలసి పనిచేసిన యొక సిరియాదేశీయుడు నేర్పినాడట. ఆంగ్లేయులు బ్యాక్‌గామన్ అను ఆట యిదియే.

అతడు నేర్పగా నేను విన్నంతవరకు చెప్పెదను. పెట్టెయందు 24 ఇండ్లు. ఇద్దరాటగాండ్రు, ఒక్కొక్కరికి 15 బిళ్లలు. ఒకరు కుడికి నడిచిన నొకరు ఎడమకు నడుతురు. ఒంటిగా నున్న బిళ్లను ఎదుటివాడు కొట్టవచ్చును. జంటగా నున్నచో ఆ యింట అడుగుపెట్టరాదు. బిళ్లలన్నిటిని తన చివరి భాగమునకు చేర్చి ముందుగా వెలుపలికి తీసినవాడు గెలిచినట్లు. మన యాటకు దూరపు చుట్టమే యని నాకు తోచినది. వింతయేమనగా, ఆ పెట్టెమీదను పద్ధతు లనేకము. ఆ దేశములలోనే మహ్బూసా యను పద్ధతి గలదు. మహ్బూసా యనగా చెరబడినదని యర్థము. అందు ఒంటిబిళ్లను కొట్టి తీసివేయరు. దానిపై తమ బిళ్లను పెట్టి కదలకుండ నొక్కిపట్టుదురు. గ్రీసుదేశమువారు ఒకే పెట్టెమీద పోర్టెస్, ప్లకోటో, ఫెవ్గా యను మూడాటలను వరుసగా ఆడుదురు. మొదటిదానిలో కొట్టుట, రెండవదానిలో నొక్కిపట్టుట. మూడవదానిలో ఒక్క బిళ్ల యున్నను ఆ యిల్లు దానిదే, ఇంకెవ్వరును రారాదు. పటమొక్కటియే, ధర్మములు మూడు!

ఈ చుట్టరికము నేటిది గాదు. పారసీకుల పాతకథలో హిందూదేశపు రాజు చదరంగమును పంపి దాని మర్మము విప్పుడనగా, వారు దానిని విప్పి, బదులుగా నర్దు అను ఈ పాచికలాటను పంపిరని యున్నది. కథ యెట్లున్నను రాకపోకలు మాత్రము నిజము. కల్యాణపురము నేలిన పశ్చిమ చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున కూర్చిన మానసోల్లాసమున పాచికలాటయు గవ్వలాటయు రాజవినోదములలో చేరియున్నవి. అక్బరు కాలమున అబుల్ ఫజల్ తన అయినీ అక్బరీయందు చౌపడ్ ఆటను వివరించినాడు. ఫతేపూర్ సిక్రీయందు ముంగిటి రాతిపరపుమీద పచ్చీసు పటము నేటికిని చూడవచ్చును.

పచ్చీసు మా పుట్టినింట మా నాయనమ్మ ఆడెడిది. గుడ్డమీద నాలుగు రెక్కల పటము కుట్టుకొని మడచి పెట్టెలో దాచెడిది. ఒక్కొక్క రెక్కకు మూడు వరుసలు, వరుసకు ఎనిమిది గడులు. నాలుగు రెక్కలకు 96 గడులు. ఎదురెదురుగా కూర్చున్నవారు జతగాండ్రు. కాయ నడిమినుండి తన రెక్కలో దిగి, పటమంతయు చుట్టి, మరల తన రెక్కనెక్కి పండుటకు 84 అడుగులు. ఆరు గవ్వలు బోర్ల పడినచో 25, అదియే పచ్చీసు. ఒక్కటే వెల్లకిల పడినచో పది. 64 విధములలో పచ్చీసు ఒక్క విధము మాత్రమే. అది పడిననాడు మా నాయనమ్మ కేక వీధిలోనికి వినబడెడిది. ఈ పచ్చీసునే తేలికచేసి గవ్వలకు బదులు పాచిక నుంచి ఇంగ్లాండున 1896లో లూడోయని పేరుపెట్టిరి. నేడు పిల్లలు ఫోనులో ఆడునది ఆ మనుమరాలినే.

ఇక మా యింటి వివాదమునకు వచ్చెదను. ఒక మధ్యాహ్నము మా మరిది అత్తగారి ప్రక్కన కూర్చుండి తానును ఆడెదననెను. ఆడుచు, ఒక్క కాయనైన చంపక లోపలి వరుసలోనికి నడిపించినాడు. తొమ్మిదేండ్ల బిడ్డ చేయి పట్టుకొని, "నాన్నా, చంపకుండ లోపలికి పోరాదు" అన్నది.

"మన యింటి పద్ధతి అది గాదు బిడ్డా. నా చిన్నప్పటినుండి ఆడుచున్నాను. అవ్వ నడుగు" అనెను.

అత్తగారు గవ్వలను చేతిలో కలుపుచు కొంతసేపూరకుండెను. "నువ్వు పోయినంక ఆట మారింది కొడుకా" అన్నది.

అతని ముఖము చిన్నబోయెను. అది గవ్వల మాట గాదని అక్కడ నున్నవారి కందరికిని తెలిసినది. వచ్చినది మొదలు అతడు ప్రతిపనిలోను తనమాట నడువవలెనని పట్టుదల చూపుచుండెను. బ్యాంకు పుస్తకమెక్కడ, పత్తి యెవరికమ్మితిరి, బిడ్డను ఆ బడిలో నెందుకు వేసితిరి, అని అడుగుచుండెను. మా తోడికోడలు అన్నిటికిని సమాధానము చెప్పి తలవంచుకొని పోవుచుండెను. ఆనాడు మాత్రము వంటింటిలోనికి వచ్చి, "అక్కా, ఆయన తప్పనను. కాని ఈ యింట తొమ్మిదేండ్లు ఆడినది నేను గదా!" యన్నది. ఆ రాత్రి వారిరువురు మాటలాడుకొనలేదు.

కొడుకు క్షేమముగా తిరిగివచ్చినచో కొండగట్టున ఒక రాత్రి నిద్ర చేసెదనని అత్తగారు మ్రొక్కుకొనియుండెను. ఆ మరుసటి మంగళవారము అందరము వెళ్లితిమి. ఆంజనేయుని కడ మ్రొక్కుబళ్ల కొరకు కొన్నిదినములు కొండమీదనే యుండి ప్రదక్షిణములు చేయువారు ఎప్పుడును కనబడుదురు. వారిలో స్త్రీలే యెక్కువ. దర్శనమైన తరువాత సత్రపు వసారాలో చాపలు పరచుకొంటిమి. మా ప్రక్కన మంచిర్యాల వైపునుండి వచ్చిన యిద్దరు ముసలమ్మలు బొగ్గుముక్కతో బండమీద గడులు గీచుకొని ఆడుచుండిరి. వారిదింకొక పద్ధతి. చెమ్మ పడనిదే బయలుదేరరు, చంపనిదే లోనికి పోరు, జంటకాయల జోలికి పోరు. మా మరిది వారి యాట చాలసేపు చూచెను. వారు నిద్రించిన పిమ్మట ఆ గడుల ముందు కూర్చుండి, "బిడ్డా, ఇటు రా. మీ యమ్మ పద్ధతి మొదటినుండి చెప్పు. అదే ఆడుదము" అనెను.

ఆ పిల్ల గురువమ్మవలె ఒక్కొక్క నియమమును వ్రేళ్లమీద లెక్కించి చెప్పినది. తల్లియు వచ్చి కూర్చుండెను. ఆటలో అతనికి ఒక్క కాయయు చిక్కలేదు. అతని కాయలు వెలుపలి వరుసనే రెండుమార్లు చుట్టినవి. "ఇంక నెన్ని మార్లు బయటనే తిరుగుదురు?" అని మా తోడికోడలు నవ్వుచు నన్నది. అతడు నవ్వలేదు. తల పైకెత్తి ఆమెవైపు చూచి, "నువ్వు చెప్పు, ఎన్ని మార్లో" యనెను. గవ్వలు కొంతసేపు నేలమీదనే యుండెను. తరువాత వారు మెల్లగా మాటలాడుకొనసాగిరి. నేను బిడ్డను తీసికొని ఆవలికి పోతిని.

2018లో అతడు మరల మస్కట్ వెళ్లవలసివచ్చెను. బోరుబావి అప్పు మిగిలియున్నది. ఈమారు ప్రయాణమునకు ముందే ఇరువురు కూర్చుండి షరతులు చెప్పుకొనిరి. భూమి కుదువపెట్టరాదు. దళారికి చెల్లించునది కాగితముమీద నుండవలెను. గడువు రెండేండ్లు. పంపిన సొమ్ములో పొలమునకెంత, బిడ్డ చదువునకెంత యనునది ఆమె నిర్ణయింపవలెను. అతడన్నిటి కొప్పుకొనెను. చెప్పినట్లే 2020 మొదటనే తిరిగి వచ్చి, ఇప్పుడు జగిత్యాలలో చిన్న దుకాణము నడుపుచున్నాడు. వచ్చిన కొలది దినములకే మహమ్మారి కారణమున ఊళ్లన్నియు మూతపడినవి. ఆ వేసవి మా యింట గవ్వలు, తావ్లా పెట్టె, రెండును విశ్రాంతి యెరుగవు. తావ్లాలో మా తోడికోడలిని గెలుచుట నేడెవ్వరి తరమును గాదు.

కొందరు సోదరీమణులు, ఇది జూదము గాదా, ధర్మరాజు గతి యేమైనది, యని యడుగవచ్చును. పాచికలు దోషము చేయలేదు, పందెము దోషము చేసినది. బ్యాక్‌గామన్‌లోనే 1920ల ప్రాంతమున న్యూయార్కున పందెమును రెట్టించు ఘనమును ప్రవేశపెట్టిరి. నాటినుండి ఆ యాట ధనికుల జూదశాలలలో వ్యాపించినది. ఫోనులో సొమ్ముపెట్టి ఆడు ఆటలను మన తెలంగాణమున 2017లోనే నిషేధించిరి. ఆ నిషేధ మెందుకు వచ్చెనో, అప్పులపాలైన పిల్లల తల్లుల నడిగిన చెప్పుదురు. మన గవ్వలలో పోవునది ఒక మధ్యాహ్నము మాత్రమే. ఆ మధ్యాహ్నమును మనకు దక్కనీయక పందెపు టాటలతో దీనిని జతపరచుట న్యాయము గాదు.

నా మనవి రెండు మాటలు. ఆటకు కూర్చుండకముందు నాలుగు సంగతులు పైకి చెప్పుకొనుడు. కాయ దేనితో బయలుదేరును, చంపక లోనికి పోవచ్చునా, జంటను చంపవచ్చునా, మూడవ చెమ్మ చెల్లునా? ఈ నాలుగును తేలినచో సగము జగడములు పుట్టవు. రెండవది, క్రొత్తగా వచ్చిన కోడలు వేరొక పద్ధతి చెప్పినచో దానిని తప్పని తోసివేయక, ఒక పూట ఆమె పద్ధతి, ఒక పూట మీ పద్ధతి ఆడిచూడుడు. ఆటయందు రుచి పెరుగును. అంతకంటె ముఖ్యముగా, ఆమె పుట్టింటివారి యొక మధ్యాహ్నము మీ యింటికి వచ్చును.

మా నాయనమ్మ పచ్చీసు గుడ్డ చినిగిపోయినది. దాని కొలత జ్ఞాపకముంచుకొని నేనొకటి కుట్టుచున్నాను. మూడు రెక్కలైనవి. నాలుగవది యైన పిమ్మట ఆడుటకు జతగాండ్రు నలుగురు కావలెను. మీ యూళ్లలో పచ్చీసును, అష్టాచెమ్మను ఏ పద్ధతిని ఆడుదురో ఈ పత్రికకు వ్రాసి పంపినచో, మా యింటిల్లిపాదియు కూర్చుండి ఒక్కొక్కటియే ఆడిచూచెదము.